కొసలు లేని దారం

మా ల్యాబులో పాత డీప్ ఫ్రీజర్ రొప్పడం మొదలుపెట్టింది. మైనస్ ఎనభై డిగ్రీల్లో ఉండాల్సింది డెబ్బై దగ్గరే మూలుగుతోందని కొత్తది తెప్పించారు. సరుకంతా అందులోంచి ఇందులోకి మార్చే పని నాకూ, నా దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయికీ పడింది. ఇల్లు మారేటప్పుడు అటక మీది సామాను దించినట్టే ఉంటుంది ఇది కూడా. ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో తెలియని డబ్బాలు బోలెడు బయటపడతాయి. అడుగు అరలో, వెనక గోడకి మంచుతో అతుక్కుపోయి ఒక చిన్న డబ్బా దొరికింది. ఆ పిల్ల దాన్ని ఊడబెరికి మూత తీసింది.

"మేడమ్, ఇందులో ఒక్కటే ట్యూబు ఉంది. నంబరు లేదు. మూత మీద 'అమ్మ' అని రాసుంది. పారేసీమంటారా?"

"ముట్టుకోకు" అన్నాను. గొంతు కాస్త గట్టిగానే వచ్చినట్టుంది, పిల్ల బెదిరిపోయి డబ్బాని అక్కడే దించేసింది.

నిజానికి ఆ మాట నాది కాదు, అక్కది. ఆ ట్యూబు సంగతి ఎవరు ఎత్తినా ఆవిడ అనేది ఆ ఒక్క మాటే. అక్క పోయి ఇంకా ఏడాది తిరగలేదు. ఒక మధ్యాహ్నం అన్నం తిని కుర్చీలో వెనక్కి వాలింది, అంతే. గుండె అన్నారు. అన్నం గిన్నె కడిగి బోర్లించి మరీ పోయింది. ఆవిడ పద్ధతి అది.

అక్క నాకు చుట్టం కాదు, నా రీసెర్చి గైడు. చేరిన రోజున నేను మర్యాదగా "మేడమ్" అన్నాను. కళ్ళజోడు పైనుంచి చూసింది.

"ఏటే గుంటా, మేడమ్మేటి? నానేటైనా బేంకులో కూకున్నానా? అక్కా అను."

ఆవిడ ఎక్కడ చదివిందో, ఎన్ని పేపర్లు రాసిందో, పెళ్ళి చేసుకుందో లేదో నేను చెప్పబోవడం లేదు. అవన్నీ సంతాపసభలో చెప్పేశారు, సగం తప్పులతో. నాకు గుర్తున్న అక్క వేరు. నేత చీర మీద తెల్లకోటు, మోచేతుల దాకా మడిచిన చేతులు, నడిస్తే వరండా ఈ చివరికి వినపడే చెప్పులు. సముద్రం ఒడ్డున చేపలమ్మే తల్లికి పుట్టి, ఆ ఒడ్డు మాటని ఢిల్లీ దాకా తీసుకెళ్ళి, మళ్ళీ చెక్కుచెదరకుండా వెనక్కి తెచ్చుకున్న మనిషి. పేపరు చదివితే గడగడా ఇంగ్లీషు. కోపమొచ్చినా, ముద్దొచ్చినా మాత్రం "ఓలమ్మో" అనాల్సిందే. మధ్యాహ్నం ఎండుచేపల కూర డబ్బా మూత తీసిందంటే కింది అంతస్తు వాళ్ళు కూడా కిటికీలు మూసుకునేవారు. తిట్టుకుంటూనే అందరం చెయ్యి చాచేవాళ్ళం.

మా ల్యాబు కిటికీలోంచి పోర్టు క్రేన్లు కనిపిస్తాయి. గాలి అటునుంచి కొట్టిందంటే కిటికీ అంచు మీద పూటకో పొర దుమ్ము. అక్క పొద్దున రాగానే వేలితో ఆ అంచు రాసి, వేలు చూసుకుని, "దుమ్ము లోపలకొచ్చీసింది, ట్యూబుల్లోకి కూడా వచ్చీసుంటాది" అని మమ్మల్ని ఉతికేది. కాలుష్యం అంటే ఆవిడకి చచ్చేంత భయం. ఒక ట్యూబులోది ఇంకో ట్యూబులో ఆవగింజంత పడినా నెలల పని బూడిదలో పోసినట్టే కదా. అందుకే ఆవిడకి బోలెడు నియమాలు. వాటిలో ఒకటి ట్యూబుల గురించి. ఎవరైనా ఒక ట్యూబులో ఉన్నది చివరి చుక్క దాకా వాడేస్తే, దాని ఒంటి మీద నల్లమార్కరుతో అడ్డగీత గీసి చెత్తలో పడెయ్యాలి. గీత గియ్యకుండా పడేసినా, ఖాళీ ట్యూబు మళ్ళీ ఫ్రీజర్‌లో పెట్టినా ఆ రోజు మా పని అయిపోయినట్టే.

మేం పనిచేసేది ఆర్‌ఎన్‌ఏల మీద. ఆ మాటకి భయపడక్కర్లేదు. అక్క చెప్తే ఎవరికైనా అర్థమయ్యేది. మన ఒంట్లో ప్రతి కణమూ తన జన్యువుల్లోంచి కావలసినంత మేరకి నకళ్ళు తీసుకుంటుంది. ఆ నకళ్ళే ఆర్‌ఎన్‌ఏలు. దారాల్లా ఉంటాయి. వాటి పని అయిపోగానే కొస పట్టుకుని నమిలేసే ఎంజైములు ఉంటాయి. అయితే కొన్ని దారాలు తలా తోకా కలిసిపోయి గుండ్రంగా తయారవుతాయి. చాలాకాలం వాటిని కణం చేసిన పొరపాట్లనుకుని పెద్ద పెద్ద వాళ్ళే పక్కకి తోసేశారు. అక్క ఆ గుండ్రటివాటి వెనకే పడింది.

పూర్ణా మార్కెట్లో కొన్న ఎర్ర ప్లాస్టిక్ గాజులు డజను, ఒక దారపు ఉండ ఆవిడ బల్ల సొరుగులో ఎప్పుడూ ఉండేవి. కొత్తగా చేరినవాళ్ళ ముందు దారం ముక్క ఒకటి తెంపి, కొస నోట్లో పెట్టుకుని, సేమ్యా పీల్చినట్టు లోపలికి పీల్చేసేది. తర్వాత గాజుని పళ్ళ దగ్గర పెట్టుకుని అటూ ఇటూ తిప్పేది.

"ఇప్పుడెక్కణ్ణించి మొదలెట్టాలి? సెప్పు. కొసుంటే తినీసేవోడుంటాడే. కొస లేందాన్ని ఎవుడేటి సేత్తాడు?"

మేం చేసే మొదటి పరీక్ష కూడా అదే. ఒంట్లోంచి తీసిన ఆర్‌ఎన్‌ఏలో కొసలు తినే ఎంజైము కలిపి వెచ్చటి దిమ్మలో పెడితే దారాలన్నీ కరిగిపోతాయి, గుండ్రటివి మిగుల్తాయి. మిగిలినవాటిలో మాకు కావలసిన ఒక్కదాన్ని పట్టుకుని, అది ఎంతుందో కొలుస్తాం.

మాకు కావలసిందేమిటో చెప్పాలంటే అడ్డపొగ గురించి చెప్పాలి. మా వైపు ఒడ్డున పెద్దవయసు ఆడవాళ్ళు చుట్టని తిరగేసి కాలుస్తారు. వెలిగించి, నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుంటారు. సముద్రపు గాలికి ఆరిపోదని కొందరు, చంకలో ఉన్న పిల్లల మీద బూడిద రాలదని కొందరు చెప్తారు. నోట్లో నిప్పు పెట్టుకునే చేపలు కోస్తారు, బేరాలాడతారు, కోడళ్ళని తిడతారు. కొన్నాళ్ళకి ఆ వేడికి అంగిలి తెల్లబడి బిరుసెక్కుతుంది. కొందరిలో పుండు పడుతుంది. ఆ పుండు పుట్టకముందే అంగిలి కణాల్లో ఏదైనా గుండ్రటి ఆర్‌ఎన్‌ఏ పెరిగి కబురు చెప్తుందా అన్నదే అక్క ప్రశ్న. దాన్ని ఆవిడ పేట ఆడవాళ్ళకి అరుగు మీద కూర్చుని చెప్పిన రోజున నేను పక్కనే ఉన్నాను.

"మన కణానికి బయట్నించి కబురొత్తాది, పెరుగూ అని. ఆ కబురు సేతులు మారి, సేతులు మారి లోపలికెళ్తాది. అది సాలు, ఇంక ఆపూ అని సెప్పడానికి సన్నసన్న ఆర్‌ఎన్‌ఏలు తిరుగుతుంటాయి. ఈ గుండ్రటిది ఉందే, ఇది ఈది సివర కూకునే ముసిల్ది లాంటిదన్నమాట. ఆపూ అని సెప్పడానికి ఎల్తన్నవోడిని, ఏరా, రా, కూకో, టీ తాగు అని అరుగు మీద కూలేసీసి ఒగ్గదు. ఆడు కదల్డు. లోపల ఆపమని సెప్పేవోడు లేడు. ఇంక పెరగడమే పెరగడం."

ఆడవాళ్ళంతా పకపకా నవ్వి ఒక ముసలావిడ వైపు చూశారు. ఆవిడ అక్క తల్లి. ఆ వీధిలో ఆవిడ అరుగు దాటుకుని ఎవరూ ముందుకి పోలేరు. చిన్న మనిషి, పెద్ద ముక్కుపుడక, ఇంకా పెద్ద గొంతు.

"అదేటే, నన్నే అంతన్నావేటే?" అంది ముసలావిడ.

"నిన్నేనే. ఎవుల్ననుకున్నావు?"

తల్లీకూతుళ్ళు అలాగే మాట్లాడుకునేవారు. కూతురి పని మీద తల్లికి ఉన్న గర్వం చూస్తే నాకు అసూయ వేసేది. మేం శాంపిళ్ళకి వెళ్ళిన ప్రతిసారీ ఆవిడే ముందు నడిచేది. "మా గుంట సెప్తాది ఇనండి. ఒగ్గీండి ఆ పాడు సుట్ట. నాను మానీలేదా?" అని గడప గడపకీ చెప్పేది. మానేసి చాలా ఏళ్ళయిందట. అప్పన్న స్వామి మీద ఒట్టు వేసింది, అది చాలదన్నట్టు కూతురి నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టు వేసింది.

పోలికకి మాకు చుట్ట ముట్టని, లేదా ఎన్నో ఏళ్ళ కిందటే మానేసిన ఆడవాళ్ళు కూడా కావాలి, అదే ఒడ్డున, అదే వయసులో ఉన్నవాళ్ళు. అలాంటివాళ్ళు దొరకడం గగనం. దొరికిన కొద్దిమందిలో అక్క తల్లి ఒకరు. అందరికీ మాతో వచ్చిన డెంటల్ డాక్టరు టార్చి వేసి నోరు చూసి, మెత్తని బ్రష్షు అంగిలి మీద తిప్పి ఇచ్చేవాడు. ముసలావిడ దగ్గరికి వచ్చేసరికి ఆయన టార్చి ఎత్తబోయాడు.

"నా నోట్లో దీపం ఎడతావేటి నాయినా? మేడమ్ తల్లిని నాను. ఇలాగియ్యి ఆ కుంచె" అని బ్రష్షు లాక్కుని, తనే నోట్లో తిప్పుకుని ఇచ్చేసింది. డాక్టరు మొహమాటపడి ఊరుకున్నాడు. అక్క నవ్వింది. అందరం నవ్వాం. మేడమ్ గారి తల్లి నోరు తెరిపించే ధైర్యం మాలో ఎవరికుంది?

ఆ శాంపిళ్ళని కొలిచింది నేను. మెషీను తెర మీద గీతలు పైకి లేస్తాయి. పుండున్నవాళ్ళవి ముందే లేస్తాయి, ముట్టనివాళ్ళవి ఎప్పటికో గానీ లేవవు. ఆ రోజు ముట్టనివాళ్ళలోంచి ఒక గీత, పుండున్నవాళ్ళతో సమానంగా లేచింది. నంబరు చూస్తే అక్క తల్లిది.

అక్క తెర వంక చూసి, నా వంక చూసింది. అంత కోపం ఆవిడలో అంతకుముందు నేను చూడలేదు.

"సేతులు కడుక్కున్నావా? గ్లౌజు మార్చినావా? పేషెంటు ట్యూబు పట్టుకున్న సేత్తో దీన్ని పట్టుకున్నావు. మా అమ్మ ట్యూబులోకి ఎవుల్దో పోసీసినావు."

"మార్చానక్కా. ప్రతిదానికీ మార్చాను."

"మారిస్తే ఇదేటి మరి?"

అందరి ముందూ అంది. నీళ్ళ దగ్గర్నుంచి ద్రావణాల దాకా అన్నీ పారబోయించింది. బల్లలు బ్లీచింగుతో కడిగించింది. కిటికీ సందులకి టేపు వేయించింది. నేను బాత్రూములోకి వెళ్ళి ఏడిచాను. ఉడుకుమోత్తనం నాకు చిన్నప్పటినుంచీ ఉంది, కానీ ఆ రోజు ఏడుపు దానివల్ల కాదు. నా చెయ్యి తప్పు చెయ్యలేదని నాకు తెలుసు. తెలిసినా రుజువు లేదు. మొహం కడుక్కుని వచ్చి, ఆవిడ దగ్గర నిలబడి అడిగాను.

"అక్కా, అదే ఆర్‌ఎన్‌ఏ రెండో ట్యూబులో ఇంకొంచెం ఉంది. ఒక్క పరీక్షకి వస్తుంది. మళ్ళీ చేద్దామా?"

అక్క మెషీను తెర ఆపేసింది. తర్వాత, "వద్దు. అసలు సొంత తల్లిని ఇందులో ఎట్టడమే తప్పు. తీసీ. ఇంకెవుల్నైనా ఎతుకుదాం" అంది. ఆ మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. పద్ధతి ప్రకారం సరైన మాటే. ముసలావిడని లెక్కలోంచి తీసేశాం. రెండో ట్యూబు ఫ్రీజర్‌లో ఉండిపోయింది. నేను చాలారోజులు అక్కతో అవసరానికి మించి మాట్లాడలేదు. ఆవిడా నన్ను కదిలించలేదు.

రెండేళ్ళ పైనే గడిచింది. ఒకరోజు ఒంట్లో బాగాలేక అక్క మిట్టమధ్యాహ్నం ఇంటికి వెళ్ళింది. ఈ సంగతి తర్వాత ఆవిడే నాకు చెప్పింది. వీధి వైపు తలుపు తీసే ఉందట. పెరట్లో గట్టు మీద తల్లి చేపలు ఆరబెడుతోంది. కూతుర్ని చూసి నోరు గట్టిగా మూసుకుంది.

"అమ్మా, అన్నం తిన్నావా?"

తల్లి తల ఊపింది.

"మాటాడవేటే?"

అప్పుడు ముసలావిడ ముక్కులోంచి పొగ వచ్చిందట.

అక్క వెళ్ళి నోరు తెరవమంది. తెరవలేదు. బతిమాలింది. చివరికి ముసలావిడ నోట్లోంచి చుట్ట ముక్క తీసి, బాగా నానిన రెండో వైపు పట్టుకుని, చీర కొంగుతో మూతి తుడుచుకుంది.

"మానీలేకపోయినానే. నువ్వు ఊరంతా తిరిగి సెప్తన్నావు. నీ తల్లే తాగతంది అంటే నీకు తలొంపులు గదా. నిప్పు లోపలెట్టుకుంటే ఎవులికీ కనపడదు గదే."

అక్క ఇంట్లోంచి టార్చి తెచ్చి చూసింది. అంగిలి మీద పుండు అప్పటికే రూపాయి బిళ్ళంత ఉంది.

ఆపరేషను చేశారు, రేడియేషను కరెంటు పెట్టారు. ఆ పెద్ద గొంతు ముందు పోయింది, మనిషి తర్వాత పోయింది. ఆఖరి రోజుల్లో నేను చూడ్డానికి వెళ్తే ముసలావిడ నన్ను సైగ చేసి పక్కన కూర్చోబెట్టుకుంది. మాట లేకపోయినా తన దగ్గరికి వచ్చినవాళ్ళని కదలనివ్వలేదు. నా చెయ్యి పట్టుకుని కూతురి వైపు చూపించి, జాగ్రత్త అన్నట్టు తల ఆడించింది. మా ఇంటి దగ్గర చర్చిలో ఆవిడ పేరున కొవ్వొత్తి వెలిగించాను. అది కూడా నిప్పే కదా అని వెలిగించాక అనిపించింది.

పెద్దకర్మ అయిన తర్వాతి సోమవారం నేను ఎప్పట్లాగే అందరికన్నా ముందు ల్యాబుకి వచ్చాను. ఆదివారాలు తప్ప నేను ల్యాబులో లేని రోజంటూ ఉండేది కాదు. ఆదివారం చర్చిలో పూజకి వెళ్తానని అందరికీ తెలుసు. తలుపు తీసేసరికి బ్లీచింగు వాసన గుప్పుమంది. బల్లలు తుడిచి ఉన్నాయి. ఎంజైము కలిపి పెట్టే వెచ్చటి దిమ్మ ఇంకా వేడిగా ఉంది, స్విచ్చి ఆపలేదు. స్విచ్చులు ఆపకపోతే జీతం కోస్తానని బెదిరించే మనిషి, తనే మర్చిపోయిందే అనుకున్నాను. ఇంట్లో ఉండలేక ఆదివారం పూట వచ్చి ఇదంతా కడుక్కుని వెళ్ళిందనుకున్నాను. నాకు జాలేసింది.

పదకొండింటికి సింకు దగ్గర చేతులు కడుక్కుంటుంటే అక్క వెనకనుంచి వచ్చింది. కుళాయి కట్టేసి, నా తడిచేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుంది. అరచేతులు పైకి తిప్పి, చిన్నపిల్లల గోళ్ళు చూసినట్టు చూసింది.

"నీ సెయ్యి మంచిదేనే" అంది.

అంతే. కొంగుతో నా చేతులు తుడిచి వెళ్ళిపోయింది. తల్లి జబ్బు పడ్డాక జరిగింది అర్థమై, నన్ను అన్న మాటకి ఇలా సర్దిచెప్తోందనుకున్నాను. అన్నాళ్ళుగా నాలో ఉన్న కారం దిగిపోయింది. క్షమించేశాను కూడా, పెద్ద మనసున్నదాన్నని నన్ను నేనే మెచ్చుకుంటూ.

ఆ తర్వాత అక్క మారింది. ఫ్రీజర్‌లో ఆ రెండో ట్యూబు మూత మీద నంబరు చెరిపేసి 'అమ్మ' అని రాసింది. విడిగా డబ్బాలో పెట్టి అడుగు అరలోకి తోసింది. ఎవరైనా కదిపితే "ముట్టుకోకండి" అనేది. ఆవిడ దాన్ని చూసి తట్టుకోలేదని, అలాగని పారెయ్యలేదని ల్యాబంతా అనుకునేది. ముట్టనివాళ్ళ శాంపిల్లో తేడా వస్తే మునుపటిలా ద్రావణాలు పారబోయించడం మానేసింది. "గిన్నెలు తరవాత కడుగుదురుగాని. ముందు ఆ మనిషింటికి ఎల్లండి. నోరు తెరిపించండి" అనేది. హ్యాండుబ్యాగులో చిన్న టార్చి వేసుకుని తిరిగేది. పూర్ణా మార్కెట్లో చేపలు కొనేటప్పుడు ధర అడగడానికి ముందు, "నోరు తెరువమ్మా" అని టార్చి వేసేది.

"సేప నోరు సూసి కొంతారు గానీ, నా నోరు సూత్తావేటమ్మా?" అని ఒకావిడ గయ్యిమంది. అక్క నవ్వలేదు. ఆవిడ నోరు తెరిచేదాకా అక్కడే నిలబడింది.

ఇంకొక అలవాటు మాత్రం మమ్మల్ని భయపెట్టేది. ఏ గదిలోకి వెళ్ళినా గడప దగ్గర ఆగి గాలి పీల్చేది. రుషికొండ వైపు ఒక కాలేజీలో సెమినారుకి వెళ్తే, అద్దాల లిఫ్టులో ఉన్నట్టుండి నా చెయ్యి పట్టుకుంది.

"సుట్ట వాసన వత్తంది గదా?"

నాకు సెంటు వాసన తప్ప ఏమీ తెలియలేదు. ఆ మాటే చెప్పాను.

"నువ్వు సరిగ్గా పీల్చు" అంది. లిఫ్టులో ఉన్న పెద్దమనుషులు ఒకరి చొక్కా ఒకరు వాసన చూసుకున్నంత పనిచేశారు. నవ్వొచ్చింది నాకు. ఆవిడ మొహం చూశాక నేనూ ఇంకోసారి గాలి పీల్చి చూశాను. తలుపులు తెరుచుకునేదాకా ఆవిడ నా చెయ్యి వదల్లేదు.

ఆ సెమినారులోనే ఒక కుర్రాడు లేచి అడిగాడు. "మేడమ్, ఈ గుండ్రటి ఆర్‌ఎన్‌ఏ పుండు రాకముందే పెరిగిన కేసు మీ దగ్గర ఒక్కటైనా ఉందా?"

అక్క మైకు దగ్గరికి జరిగింది. బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టడం ఆవిడకి అలవాటు. ఆ సున్నాలోంచి కింద బల్ల మీదికి చూస్తూ జవాబు చెప్పింది.

"ఒకటుండేది. కంటామినేషన్ అని తీసీసినాం. ఒక్క ట్యూబుతో ఏటీ సెప్పలేం, బాబూ. పెరిగిందానివల్ల జబ్బొచ్చిందో, జబ్బువల్లే పెరిగిందో అదీ సెప్పలేం."

ఎప్పుడు ఎవరు అడిగినా అదే జవాబు. నేనూ నమ్మాను. తల్లిని కాపాడుకోగలిగేదో లేదో ఎప్పటికీ తెలియకపోవడమే ఆవిడకి మిగిలిన ఊరట అనుకున్నాను. ఆ ఊరట ఆవిడకి ఉండాలనే, తర్వాత కొత్త కిట్లు వచ్చినా ఆ ట్యూబు సంగతి నేను ఎత్తలేదు.

ఇదంతా మొన్న ఫ్రీజర్ ముందు నిలబడి తలుచుకుంటుంటే నా స్టూడెంటు మెల్లిగా అడిగింది.

"మేడమ్, అమ్మ అంటే ఆ పెద్ద మేడమ్ వాళ్ళ అమ్మగారేనా? ఇప్పుడు మన దగ్గర మంచి కిట్లున్నాయి కదా. చాలా తక్కువ ఉన్నా చాలు. రన్ చేసీనా?"

చెయ్యాలా వద్దా అని చాలాసేపు తేల్చుకోలేకపోయాను. చేస్తే అక్క మాట మీరినట్టు. మానేస్తే, ముట్టనివాళ్ళ శాంపిల్లో తేడా వస్తే వదలొద్దని ఆవిడ నేర్పిందే మానేసినట్టు. ఆవిడే పోయాక ఇంక ఈ నిజం ఎవరిని బాధపెడుతుందిలే అని కూడా అనిపించింది. చివరికి గ్లౌజు కొత్తది వేసుకుని ట్యూబు పైకి తీశాను. చుట్టూ మందంగా మంచు పట్టి, లోపల ఏముందో కనపడలేదు. బొటనవేలితో రాశాను. మంచు కరిగి వేళ్ళ సందుల్లోంచి కారింది.

మంచు కింద నల్లమార్కరు గీత ఉంది. అడ్డంగా, తిన్నగా, ఆవిడ గీసినట్టే.

వెలుతురుకి ఎత్తి చూశాను. లోపల చుక్క లేదు.

బ్లీచింగు వాసన, తుడిచిన బల్లలు, స్విచ్చి ఆపని దిమ్మ, నేను పూజలో ఉన్న ఆ ఆదివారం ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఒంటరిగా వచ్చి, తల్లి ట్యూబులో మిగిలిన ఆ కాస్తా వాడేసి, తెర మీద గీత లేవడం ఒక్కతే కూర్చుని చూసింది. మర్నాడు వచ్చి నా చేతులు పట్టుకుంది. అక్క మీద నాకు కోపం వచ్చింది. ఇన్నేళ్ళు పక్క బల్ల దగ్గర కూర్చుని, నాకు కూడా చెప్పకుండా, అడిగినవాళ్ళందరికీ "సెప్పలేం" అంటూ ఆ నిప్పుని లోపలే పెట్టుకుని తిరిగింది. తల్లి కూతురే మరి. ఫ్రీజర్ తలుపు తెరిచే ఉందని దాని అలారం మోగుతోంది. నేను ఏడుస్తున్నానని ఆ పిల్ల మొహం చూశాక తెలిసింది.

"ఖాళీయా మేడమ్?" అంది. "ఎవరో రన్ చేసేశారా? రిజల్టు ఎక్కడా లేదే మరి?"

"నాకు చెప్పింది" అన్నాను. "ఆ మర్నాడే చెప్పింది."

పిల్లకి ఏమీ అర్థం కాలేదు. ట్యూబు అందుకుని, నియమం ప్రకారం చెత్తడబ్బా కేసి నడవబోయింది. ఆపి, దాన్ని డబ్బాలో పెట్టించి, కొత్త ఫ్రీజర్‌లో అడుగు అరలోకి తోయించాను. తలుపు వేసి, తడిచేతులు తుడుచుకోవడానికి కొంగు వెతుక్కున్నాను. తెల్లకోటు కింద నేను చుడీదారు వేసుకుని ఉన్నాను.